‘తెలుగు’లో ఎన్ని అక్షరాలు?

‘తెలుగు’ అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయని మన పిల్లల్ని అడిగితే 3 అంటారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండో అవతారాన్ని అడిగితే, యూటీఎఫ్-8లో రాసిన మాటకి, 18 అనేది. అది అక్షరాలని కాక బైట్లని లెక్కపెట్టేది. పైథాన్ 3 అయితే గుణింతపు గుర్తులని విడిగా లెక్కిస్తుంది కనుక 6 అంటుంది. మన లెక్కకి అందకపోయినా 18 కంటే నయమే!

గీడో వాన్ రోసమ్ పైథాన్‌ని లోకానికి ఇచ్చింది 1991 ఫిబ్రవరిలో. యూనికోడ్ మొదటి ప్రమాణం వచ్చింది ఆ అక్టోబరులో. 2000లో పైథాన్ 2.0కి యూనికోడ్‌ని పక్కగదిలా తగిలించారు. ఇంగ్లీషు ఒక్కటే ఉన్నంతసేపూ రెండు గదుల మధ్య తలుపు దానంతటదే తెరుచుకునేది. తెలుగు పేరు తగిలిందా, చాలాసార్లు ప్రోగ్రాము అక్కడే కూలబడేది.

అందుకే 2008 డిసెంబరులో వచ్చిన 3.0, పాత ప్రోగ్రాములు నడవకపోయినా సరేనని, పునాదే మార్చింది. ఇంగ్లీషుతో పని గడిచిపోయేవాళ్ళకి ఇందులో ఖర్చే తప్ప లాభం కనబడలేదు. ‘ఉన్నదాన్ని చెడగొట్టకండి’ అన్న వాళ్ళ కోరిక న్యాయమైనదే. కాని మన లిపి విషయంలో ఉన్నది ముందే చెడి ఉంది.

అసలు నలిగిపోయింది లైబ్రరీలు నడిపేవాళ్ళు. (ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు, ఎవరైనా తెచ్చుకుని తమ ప్రోగ్రాములో వాడుకోగల తయారు కోడు.) వీళ్ళలో చాలామందిది జీతంలేని చాకిరీ. లైబ్రరీ మారందే వాడేవాళ్ళు కదలరు. వాళ్ళు కదలందే లైబ్రరీకి తొందర లేదు. ఒకే కోడు రెండు పైథాన్లలోనూ నడవడానికి ‘సిక్స్’ అనే లైబ్రరీ పుట్టింది. రెండు మూళ్ళు ఆరు, అందుకని ఆ పేరు.

నా లెక్కన అసలు మలుపు 2012లో వచ్చింది. యూనికోడ్ మాట అని గుర్తుగా పాత ప్రోగ్రాముల్లో ముందు ‘యు’ అక్షరం పెట్టేవారు. అక్కర్లేదని 3.0 దాన్ని తీసేస్తే, 3.3 మళ్ళీ రానిచ్చింది. అది ఏ పనీ చెయ్యదు. ఉంటే తప్పుపట్టరు, అంతే. ఆ కాస్త సడలింపుతో బోలెడు కోడు తిరగరాసే బాధ తప్పింది. 2015లో 3.5 కూడా, బైట్లలో శాతం గుర్తుతో విలువలు నింపే పాత సౌకర్యాన్ని వెనక్కి ఇచ్చింది.

పైథాన్ 2 గడువు మొదట 2015 అన్నారు; 2014లో దాన్ని 2020కి జరిపారు. జాంగో 2017 డిసెంబరులో, నంపై 2019లో పాతదానికి సెలవిచ్చాయి. 2020 ఏప్రిల్లో 2.7.18తో దాని విడుదలలు ఆగిపోయాయి. ఆ ‘యు’ మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది.