ఆలూరు సీమలో వ్యాయామశాస్త్ర బోధన: నవ్యతను గుర్తించు కొలబద్దలపై ఒక విచారణ

విశ్వవిద్యాలయములలో వ్యాయామశాస్త్రమును బోధించు అధ్యాపకుని కృషి మన దేశమున రెండు త్రాసులలో తూగుచున్నది. ఒకటి క్రీడాశాఖవారిది, అందు పతకములు తూగును. రెండవది ఉన్నత విద్యాశాఖవారిది. అందు పరిశోధన పత్రములును, తీసికొన్న తరగతుల సంఖ్యయు తూగును. తన దేహమును, తన యూరివారి శ్రమను తానే కొలిచి, ఆ కొలతనుండి సూత్రమునకు చేరునట్లు విద్యార్థిని నడిపించు అధ్యాపకుని నేర్పు మాత్రము ఈ రెంటిలో దేనికిని ఎక్కదు. ఆ నేర్పు ఎట్టిది, దానిని గుర్తించుటకు ఎట్టి సాక్ష్యమును అడుగవలెను అను విషయమును, కర్నూలు జిల్లా పడమటి కొసనున్న ఆలూరు సీమను దృష్టియందుంచుకొని విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పతకముల త్రాసు సంగతి ముందుగా చూతము. క్రీడాశిక్షకులకు ద్రోణాచార్య పురస్కారమును భారత ప్రభుత్వము 1985లో నెలకొల్పినది. తెలుగునేలనుండి బాడ్మింటన్ శిక్షకులు సయ్యద్ మహమ్మద్ ఆరిఫ్ 2000లోను, పుల్లెల గోపీచంద్ 2009లోను, అథ్లెటిక్సు శిక్షకులు నాగపురి రమేశ్ 2016లోను దీనిని పొందిరి. వారి యోగ్యతను శంకించువారెవ్వరును లేరు. అయినను ఈ పురస్కారము చూచునది శిష్యుడు గెలిచిన పతకమునే కాని గురువు నేర్పిన తీరును కాదు.

ఇందుకు హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉదంతమే చాలును. వృత్తిచేత ఉపాధ్యాయుడై, 1950 ప్రాంతమునుండి 1963లో మరణించువరకు భారత ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్ది, 1951లో ఢిల్లీలోను 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణమును, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును సంపాదించి పెట్టిన ఆయన విజయములు సుప్రసిద్ధములు. బోధనను విచారించువానికి వానికంటె ముఖ్యమైనవి ఆయన హైదరాబాదు మైదానములలో నడిపిన చిన్న పోటీలు. బంతిని కాళ్ళవెంట నడిపించుకొని పోరాదు, అందినది అందినట్లే తోడివానికి అందింపవలెనని ఒకదానికి నియమము. వాటమైన కాలితో తన్నరాదు, రెండవ కాలితోనే తన్నవలెనని మరియొకదానికి నియమము. అలవడిన నైపుణ్యమునకు అడ్డుకట్ట వేసి, అలవడనిదానిని ఆటగాడు తనంతట తానే వెదకికొనునట్లు చేయు ఈ ఉపాయమును నేటి క్రీడాబోధన గ్రంథములు ఒక సిద్ధాంతముగా వివరించుచున్నవి. రహీమ్ గతించిన 22 ఏండ్లకుగాని ద్రోణాచార్య పురస్కారము పుట్టలేదు. ఆయన బ్రతికియుండగనే పుట్టినను, అది జకార్తా స్వర్ణమును చూచియుండునే కాని ఎడమకాలి పోటీని చూచియుండదు.

రెండవ త్రాసు ఇంతకంటె విచిత్రమైనది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010 నిబంధనలలో అధ్యాపకుల పదోన్నతికి మార్కుల పద్ధతిని ప్రవేశపెట్టి, బోధనా విభాగమునకు 125 మార్కులుంచి, అందు విద్యార్థులను పాల్గొనజేయు నవీన పద్ధతులకు 20 కేటాయించినది. ఉద్దేశము మంచిదే, కాని ఆ మార్కులకు మూలము అధ్యాపకుడు తన్ను గూర్చి తానే నింపుకొను పట్టిక. తన్ను తాను తక్కువ చేసికొని వ్రాసికొన్న అధ్యాపకుని నేనింకను చూడవలసియున్నది. 2018 నిబంధనలలో ఈ మార్కులు తొలగిపోయినవి. అప్పగించిన తరగతులలో నూటికి 80 గాని అంతకు మించి గాని తీసికొన్నవాడు ‘బాగు’, 70కి తగ్గనివాడు ‘తృప్తికరము’ అను లెక్క వచ్చినది. నవీన బోధనా విధానమును రూపొందించినందులకు పరిశోధన పట్టికలో ఒక మూల 5 మార్కులు నిలిచినవి. గురువు తరగతికి వచ్చెనా లేదా యనునది తెలిసికొనవలసినదే, కాదనను. వచ్చి యేమి చేసెననుట తెలిసికొను మార్గము మాత్రము ఈ పట్టికలో లేదు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారములు 1958నుండి యున్నను, కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకులకు అవి విస్తరించినది 2023లోనే యనుటయు ఇచ్చట స్మరింపదగినది.

వ్యాయామశాస్త్రమునకు ఈ చిక్కు ఇతర శాస్త్రములకంటె ఎక్కువగా నుండుటకు చారిత్రక కారణము కలదు. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించునాటికి ఇది ప్రధానముగా బడులకు శిక్షకులను తయారుచేయు విద్య. అమెరికాలో సైతము ఫ్రాంక్లిన్ హెన్రీ 1964లో వ్యాయామవిద్య స్వతంత్రమైన జ్ఞానశాఖ యని వాదించు వ్యాసమును ప్రకటించిన పిమ్మటనే విశ్వవిద్యాలయములు దీనిని శరీరధర్మము, చలనము, మనస్తత్త్వము మున్నగు విభాగములుగా విస్తరింపజేసినవి. శిక్షణ యొకవైపు, శాస్త్రము మరియొకవైపు నిలిచిన ఈ విద్యలో మైదానమున నేర్పువానికి శాస్త్రజ్ఞుడని పేరు రాదు. ప్రయోగశాలలో నేర్పువానికి మైదానముతో పనిలేదు. మన గ్రామములలో మాత్రము ఇద్దరును ‘డ్రిల్లు సార్లే’.

ఇక ఆలూరు సీమ. ఒకప్పుడు బళ్ళారి జిల్లాలో చేరియుండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోనితో కూడ కర్నూలు జిల్లాలోనికి వచ్చిన ఈ తాలూకా, వానమీదనే ఆధారపడిన నల్లరేగడి మెట్ట. ప్రత్తి, వేరుసెనగ, కంది ఇచ్చటి పంటలు. వానలు తప్పిన యేడు కుటుంబములకు కుటుంబములే మిరపకాయల కోతకు గుంటూరు వైపునకు వలసపోవును. డిగ్రీ తరగతులలో కూర్చుండు యువకుడు సెలవులలో ప్రత్తి మూటలు మోసినవాడు. యువతి వంగి, నిలిచి, మరల వంగి దినమంతయు ప్రత్తి తీసినది. కండరముల సంకోచమును గూర్చిగాని, ఎండలో శరీరము చల్లబడు తీరును గూర్చిగాని వీరికి అనుభవము లేదని యెవడనగలడు? లేనిది కొలత మాత్రమే.

ఆ కొలతకు ఖరీదైన యంత్రము లక్కరలేదనుటకు ఒక ప్రయోగమును కొంచెము విస్తరించి చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున హార్వర్డు విశ్వవిద్యాలయపు అలసట ప్రయోగశాలలో లూషియన్ బ్రూహా ప్రభృతులు ఒక మెట్టు పరీక్షను రూపొందించి 1943లో ప్రకటించిరి. 20 అంగుళముల పీటను నిమిషమునకు 30 మారుల చొప్పున 5 నిమిషములు ఎక్కి దిగవలెను. ఆపిన తరువాత రెండవ, మూడవ, నాలుగవ నిమిషముల మొదటి అరనిమిషమున నాడిని లెక్కింపవలెను. శ్రమించిన సెకనులను నూటితో గుణించి, మూడు నాడిలెక్కల మొత్తమునకు రెట్టింపుచేత భాగింపగా వచ్చునది సామర్థ్య సూచిక. మూడు లెక్కలు 75, 60, 50 అనుకొందము: మొత్తము 185, దాని రెట్టింపు 370, 30,000ను దానిచేత భాగింపగా 81. దీనిని నల్లబల్లమీద వ్రాసి, సూత్రమును కంఠస్థము చేయించి, పరీక్షలో అడుగుట సర్వత్ర జరుగుచున్న బోధన.

వేరొక అధ్యాపకుడు అదే పీటను ఆలూరు కళాశాల వేపచెట్టు క్రిందకు తెచ్చి, ఉదయము 6 గంటలకొకమారును, మధ్యాహ్నము 3 గంటలకొకమారును అదే విద్యార్థులచేత ఎక్కించి దింపించునని భావింతము. ఒకే మనిషికి రెండు సూచికలు వచ్చును. ఎండలో దేహమును చల్లార్చుటకు రక్తము చర్మమునకు మళ్ళగా గుండె అధికముగా కొట్టుకొనవలసి వచ్చుట వలన మధ్యాహ్నపు అంకె సాధారణముగా దిగజారును. అప్పుడొక పొట్టి కాళ్ళ పిల్లవాడు లేచి, ఈ పీట నాకు ఎత్తు, వానికి కాదు గదా సార్ అనును. అదియే ఆనాటి పాఠము. ఆ 20 అంగుళములు అమెరికా కళాశాల యువకుల కాళ్ళకు కుదిరిన ఎత్తు. మోకాలి యెత్తును కొలిచి, దానితో సూచికను పోల్చి చూచిన తరగతి, ఏ కొలబద్దయు ఎవరో ఒకరి శరీరమును ప్రమాణముగా గైకొని పుట్టినదను సత్యమును తానే కనుగొనును. పీటకు అయిన వ్యయము కొన్ని వందల రూపాయలు.

ఇదే జిల్లాలోని ఎమ్మిగనూరున గుంతమగ్గమువద్ద ఇట్టి పాఠము మరియొకటి కలదు. మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము వలన ప్రసిద్ధి కెక్కిన ఆ యూర నేతగాడు గుంతలో కాళ్ళుంచి చెక్కలు తొక్కుచు, చేతులతో నాడెను ఆడించుచు, నడుము పెద్దగా కదలక గంటల తరబడి కూర్చుండును. చేతులకు కాళ్ళకు వ్యాయామమే, నడుమునకు మాత్రము శిక్ష. పని వ్యాయామమగునా అను ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానము నాకు తెలిసిన పాఠ్యగ్రంథములలో లేదు.

నవ్యత యనగానే పరిశీలక సంఘములవారికి మొదట తోచునది మాత్రము ఈ సీమలోని దేవరగట్టు. విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరుని ఉత్సవమున గ్రామములవారు కర్రలతో తలపడు ఆ బన్నిని అధ్యయన వస్తువుగా గైకొన్నచో ఛాయాచిత్రములు వచ్చును, పత్రికలలో వార్తలు వచ్చును. తలలు పగులు రద్దీలో నాడి లెక్కించువాడెవడు? కర్రసాము అడుగులను పగటివేళ, నెమ్మదిగా, ఒక నిపుణునిచేత చేయించి చూపుట వేరు మాట. చూచుటకు కొత్తగా నున్నది వేరు, నేర్పుటలో కొత్తగా నున్నది వేరు. ఈ రెంటిని కలగలిపి బహుమతులిచ్చుట మన విద్యారంగమున ఇప్పటికే ఎక్కువైనది.

కావున నవీన బోధనకు పరిశోధన పట్టికలో మిగిలిన ఆ 5 మార్కులకు అడుగవలసిన సాక్ష్యమేది? విద్యార్థుల నమోదు పుస్తకములను, తప్పులతో సహా, చూడవలెనని నా యభిప్రాయము. మొదటి వారపు నాడిలెక్కలు అస్తవ్యస్తముగ నుండి, ఆరవ వారమునకు ఇద్దరు విద్యార్థులు ఒకే మణికట్టున లెక్కించిన అంకెలు దగ్గరపడినచో, నడుమ ఒక బోధన జరిగినట్లే. అందరి పుస్తకములు మొదటినుండియు నిర్దుష్టముగ నున్నచో సందేహింపవలెను. పొరుగు కళాశాల అధ్యాపకులొకరు, ముందుగా చెప్పక, ఒక పూట వచ్చి కూర్చుండి చూడవలెను. ఆదోనినుండి ఆలూరునకు బస్సు దొరకనంత దూరము కాదు. వచ్చినవారు ఆ పాఠమును తమ కళాశాలలో మరుసటి యేడు తామును నడిపిరా యనునది అన్నిటికంటె బలమైన సాక్ష్యము.

ఇట్లు కొలిచినచో ఒక కళాశాలను మరియొకదానితో పోల్చుట సాధ్యముకాదని ఆక్షేపింతురు. నిజమే, ఆలూరు మెట్టుపీట అంకెలు విశాఖపట్టణపు అంకెలతో సరిపోలవు. కాని అంకెలను పోల్చుట పరిశోధకుని పని. పురస్కార సంఘమువారు పోల్చవలసినది తరగతి మొదటి వారమునకును ఆరవ వారమునకును గల భేదమును. ఇంకొక చిక్కు మిగిలియున్నది. మగ్గమువద్ద కూర్చుండి తన నాడిని కొలువనిచ్చిన నేతగానికి ఆ కొలత తిరిగి చేరవలెను. అతని నడుమునొప్పిని గూర్చి తరగతి కనుగొన్నది అతనికి తెలుగులో, అతని యెదుట చెప్పబడవలెను. నేటి పట్టికలలో దీనికి గడి లేదు. గడి యేర్పరచువరకు, నమోదు పుస్తకపు చివరి పుటలో నేతగాడు చెప్పిన మారుమాటను విద్యార్థిచేత వ్రాయించినను చాలును.