లద్దాఖ్ సోలో ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? మొదటి 48 గంటలే అసలు పరీక్ష.. ఇవి తెలుసుకున్నాకే బ్యాగ్ సర్దుకోండి!

లద్దాఖ్ అనగానే బైక్, మలుపులు తిరిగే ఘాట్ రోడ్లు, నీలంగా మెరిసే పాంగోంగ్ సరస్సు గుర్తొస్తాయి. రీల్స్ చూసి టికెట్ బుక్ చేసేవాళ్లు తెలుగు రాష్ట్రాల్లోనూ తక్కువేం కాదు. ప్యాకేజీ టూర్లు వద్దనుకుని ఒంటరిగా బయల్దేరే యువత కూడా చాలామందే ఉన్నారు. అయితే వీళ్లలో ఎక్కువ మంది భయపడేది రోడ్డు గురించి, చలి గురించి. అసలు ప్రమాదం మాత్రం తొందరలో ఉంది. ఉదయం ఫ్లైట్ దిగి, మర్నాడే ఖర్దుంగ్ లా ఎక్కేయాలనుకోవడమే చాలామందిని ఆస్పత్రి పాలు చేస్తోంది. ఒంటరిగా వెళ్లేవారికి ఈ రిస్క్ ఇంకాస్త ఎక్కువ. ఎందుకో చూద్దాం.

లేహ్‌లో దిగగానే శరీరంలో ఏం జరుగుతుంది?

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమల కొండ దాదాపు 850 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లోని ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. లేహ్ పట్టణం మాత్రం దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో, అంటే 11,500 అడుగుల దగ్గర ఉంది. ఢిల్లీ నుంచి గంటన్నర లోపే విమానం అక్కడ దించేస్తుంది.

గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. దీంతో ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్, సముద్ర మట్టంలో అందే దానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా దగ్గరికి వెళ్తే అది సగానికి పడిపోతుంది. ఈ మార్పుకు శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది. అందుకే విమానంలో వచ్చినవారు కనీసం 48 గంటలు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోవాలని స్థానిక వైద్యులు, అధికారులు పదే పదే చెబుతుంటారు.

ఫిట్‌గా ఉన్నవారికి కూడా వస్తుందా?

వస్తుంది. రోజూ జిమ్‌కు వెళ్లేవాళ్లకు, మారథాన్ పరిగెత్తేవాళ్లకు కూడా ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ వస్తుంది. ఫిట్‌నెస్‌కూ దీనికీ సంబంధం లేదు. పైగా ఫిట్‌గా ఉన్నామనే ధీమాతో వేగంగా పైకి వెళ్లేవారికే ముప్పు ఎక్కువ. గతంలో ఒకసారి ఏమీ కాలేదు కాబట్టి ఈసారీ కాదనుకోవడం కూడా పొరపాటే.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరుకున్నాడు. అంత శిక్షణ తీసుకున్న పర్వతారోహకులు సైతం ఎత్తుకు అలవాటు పడటానికే వారాల తరబడి సమయం కేటాయిస్తారు. వారం సెలవు పెట్టి వెళ్లే టూరిస్టు రెండు రోజులు ఆగలేకపోతే ఎలా?

ఈ లక్షణాలు కనిపిస్తే లైట్ తీసుకోవద్దు

ఎత్తైన ప్రదేశాల్లో వచ్చే అనారోగ్యం ప్రధానంగా మూడు రకాలు.

* అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్: ఎక్కువ మందికి వచ్చేది ఇదే. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, కళ్లు తిరగడం ప్రధాన లక్షణాలు. సాధారణంగా ఎత్తుకు చేరిన 6 నుంచి 12 గంటల్లో మొదలవుతుంది. అందుకే ఉదయం దిగినవారు మధ్యాహ్నం దాకా హుషారుగా ఉండి, రాత్రికి మంచం పడుతుంటారు.

* ఊపిరితిత్తుల్లో నీరు చేరడం: దీన్ని హేప్ అంటారు. కూర్చున్నా ఆయాసం రావడం, ఆగని దగ్గు, నురుగుతో కూడిన గులాబీ రంగు కఫం దీని గుర్తులు. పైకి చేరిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. ముందు తలనొప్పి లాంటివి ఏమీ లేకుండా నేరుగా ఇదే రావచ్చు.

* మెదడులో వాపు: దీన్ని హేస్ అంటారు. మాట తడబడటం, అయోమయం, అడుగు తూలడం దీని లక్షణాలు. ఒక కాలి మడమను ఇంకో కాలి వేళ్లకు ఆనిస్తూ నేల మీద సరళ రేఖలో పది అడుగులు వేయమంటే వేయలేరు.

చివరి రెండూ ప్రాణాంతకం. వెంటనే ఆక్సిజన్ పెట్టాలి, కిందికి దించాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు.

ఒంటరిగా వెళ్తే అసలు చిక్కు ఇక్కడే

గ్రూప్‌లో ఉంటే పక్కవాళ్లు గమనిస్తారు. 'ఏంట్రా, తేడాగా మాట్లాడుతున్నావ్' అని అడుగుతారు. సోలో ట్రావెలర్‌కు ఆ మనిషి ఉండరు. మెదడు మీద ప్రభావం పడినప్పుడు మొదట దెబ్బతినేది నిర్ణయం తీసుకునే శక్తే. తనకు బాగాలేదన్న సంగతే ఆ మనిషికి అర్థం కాదు. కాబట్టి పైకి వెళ్లాక ఆలోచిద్దాం అంటే కుదరదు. ఇంట్లో ఉండగానే కొన్ని రూల్స్ పెట్టుకోవాలి.

* తలనొప్పి ఉంటే ఆ రోజు పైకి వెళ్లకూడదు. తగ్గాకే ప్రయాణం.
* విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోయినా, ఇంకా పెరిగినా కిందికి దిగిపోవాలి. హోటల్ అడ్వాన్స్ పోతుందని ఆగొద్దు.
* హోమ్‌స్టే ఓనర్‌కు 'ఒక్కడినే వచ్చాను, పొద్దున ఎనిమిదింటికల్లా బయటికి రాకపోతే తలుపు కొట్టండి' అని చెప్పి పెట్టాలి. మొహమాటం అక్కర్లేదు. వాళ్లకిది కొత్త కాదు.
* ఏ రోజు ఎక్కడ పడుకుంటారో ఇంట్లోవాళ్లకు రాసి ఇవ్వాలి. ఎంతసేపు ఫోన్ రాకపోతే కంగారు పడాలో కూడా అందులోనే ఉండాలి.
* ఒంటరిగా ట్రెక్కింగ్ వద్దు. లేహ్‌లో లోకల్ గైడ్లు దొరుకుతారు. మార్ఖా వ్యాలీ లాంటి రూట్లలోనూ 5,000 మీటర్లు దాటే కనుమ ఎక్కాల్సి ఉంటుంది.

ఏ దారిలో వెళ్తే మంచిది?

విమానం కంటే రోడ్డు మార్గం మేలు. అందులోనూ మొదటిసారి వెళ్లేవారికి శ్రీనగర్ దారి మంచిది. శ్రీనగర్ దాదాపు 1,585 మీటర్లు, కార్గిల్ సుమారు 2,700 మీటర్లు. అక్కడ ఒక రాత్రి ఆగి వెళ్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది. ఈ దారిలో అన్నిటికంటే ఎత్తైన ఫోటు లా 4,108 మీటర్లే.

మనాలీ దారి మాత్రం అంత తేలిక కాదు. 2020 అక్టోబర్ 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్‌తో ప్రయాణం త్వరగా సాగుతోంది. కానీ ఆ తర్వాత దారిలో 5,328 మీటర్ల తంగ్‌లంగ్ లా సహా పెద్ద కనుమలు దాటాలి. చాలామంది మధ్యలో సర్చూ టెంట్లలో పడుకుంటారు. అది సుమారు 4,290 మీటర్లు. అంటే లేహ్ కంటే ఎత్తు! మనాలీ నుంచి నేరుగా వచ్చి అక్కడ పడుకుంటే రాత్రంతా తలనొప్పే. కీలాంగ్ లేదా జిస్పాలో ఆగి అలవాటు పడ్డాకే ముందుకెళ్లాలి.

లేహ్ చేరాక ఏ రోజు ఎక్కడికి?

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు పైకి వెళ్లి రాత్రికి కిందికి వచ్చి పడుకోవడం శరీరానికి మంచిది.

* మొదటి రెండు రోజులు: లేహ్‌లో విశ్రాంతి. రెండో రోజు సాయంత్రం బజార్ దాకా నెమ్మదిగా నడిస్తే చాలు.
* మూడో రోజు: షే, థిక్సే మఠాలు. లేదంటే లేహ్ కంటే తక్కువ ఎత్తులో ఉన్న ఆల్చీ వైపు వెళ్లొచ్చు.
* నాలుగు, ఐదు రోజులు: ఖర్దుంగ్ లా మీదుగా నుబ్రా. అక్కడి హుందర్ సుమారు 3,100 మీటర్లే కాబట్టి నిద్ర బాగా పడుతుంది. కనుమ దగ్గర మాత్రం ఫొటోల కోసం పావుగంట మించి ఆగొద్దు.
* ఆ తర్వాతే పాంగోంగ్. సరస్సు ఒడ్డు 4,200 మీటర్ల పైనే. మధ్యలో తాంగ్‌ట్సేలో ఒక రాత్రి ఆగితే ఇంకా మంచిది.

టూర్ అంటే ముందు పాంగోంగ్ అనుకుని లేహ్‌లో దిగిన మర్నాడే సరస్సు ఒడ్డున టెంట్ బుక్ చేసుకోవడం ఎక్కువ మంది చేసే తప్పు.

కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి!

ఇది చాలామందికి తెలియని విషయం. పాంగోంగ్ దగ్గర రాత్రి బాగాలేదని లేహ్‌కు బయల్దేరితే, దారిలో 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా ఎక్కి దిగాలి. ఊపిరాడని మనిషిని ఇంకో వెయ్యి మీటర్లు పైకి తీసుకెళ్లాల్సి వస్తుందన్నమాట. ఆ పరిస్థితిలో ముందు దిగువన ఉన్న తాంగ్‌ట్సే ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం, ఆక్సిజన్ పెట్టించుకోవడం మేలు. అందుకే ఎక్కడ పడుకున్నా, అక్కడి నుంచి కిందికి దారి ఎటు ఉందో, దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడుందో ముందే కనుక్కోవాలి. లేహ్‌లో ఎస్ఎన్ఎం ఆస్పత్రి పెద్ద దిక్కు.

మాత్రలు, ఆక్సిజన్ క్యాన్లు పనిచేస్తాయా?

డయామాక్స్ పేరుతో దొరికే అసెటజోలమైడ్ మాత్ర శరీరం త్వరగా అలవాటు పడేందుకు సాయపడుతుంది. సాధారణంగా పైకి వెళ్లే ముందు రోజే మొదలుపెడతారు. వేళ్లు తిమ్మిర్లెక్కడం, ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లాల్సి రావడం మామూలే. సల్ఫా మందులు పడనివారు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. మోతాదు కూడా డాక్టరే నిర్ణయించాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలు, బీపీ ఉన్నవారు, గర్భిణులు వైద్యుడిని అడిగాకే టికెట్ బుక్ చేసుకోవాలి.

మెడికల్ షాపుల్లో దొరికే చిన్న ఆక్సిజన్ క్యాన్ కొన్ని నిమిషాలకే సరిపోతుంది. అది చికిత్స కాదు. నీళ్లు బాగా తాగాలి, నిజమే. కానీ నీళ్లు తాగితే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రాదనేది అపోహ. మొదటి రోజుల్లో మద్యం, నిద్రమాత్రలు పూర్తిగా మానేయాలి.

ఫోన్, పర్మిట్, బైక్.. ఇవి కూడా చూసుకోండి

ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదీ చాలా లోయల్లో సిగ్నల్ ఉండదు. అలాగని శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసేజ్ పరికరం తీసుకెళ్తే చిక్కుల్లో పడ్డట్టే. మన దేశంలో ముందస్తు అనుమతి లేకుండా వాటిని వాడటం నేరం. ఎయిర్‌పోర్టుల్లో ఇలా పట్టుబడిన టూరిస్టులు ఉన్నారు.

నుబ్రా, పాంగోంగ్, హాన్లే లాంటి సరిహద్దు ప్రాంతాలకు అనుమతి, పర్యావరణ రుసుము నిబంధనలు మారుతుంటాయి. బయల్దేరే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో చెక్ చేసుకోవాలి. మనాలీలోనో శ్రీనగర్‌లోనో అద్దెకు తీసుకున్న బైక్‌ను లేహ్ నుంచి నుబ్రా, పాంగోంగ్ వైపు తిప్పడానికి స్థానిక యూనియన్లు ఒప్పుకోవు. లేహ్‌లోనే అద్దెకు తీసుకోవాలి. ఒంటరిగా వెళ్లేవారికి షేర్ ట్యాక్సీ మంచి ఆప్షన్. ఖర్చు తగ్గుతుంది, తోడూ దొరుకుతుంది.

టెంట్ వేసేటప్పుడు వాగు పక్కన వద్దు. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్‌లో వచ్చిన ఆకస్మిక వరదల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగుల్లో నీరు పెరుగుతుంది కాబట్టి వాటిని పొద్దున్నే దాటేయాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే అది ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో, ట్రెక్కింగ్‌కు కవర్ ఉందో లేదో చదవాలి. అన్నిటికంటే ముఖ్యంగా ప్లాన్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. ఆ రెండు రోజులు చేతిలో ఉంటే తలనొప్పి వచ్చినప్పుడు ధైర్యంగా ఆగిపోవచ్చు. రిటర్న్ ఫ్లైట్ మీదకొస్తోందనే తొందరలో కనుమ ఎక్కాల్సిన అవసరం రాదు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు వాడే ముందు, ఎత్తైన ప్రాంతాలకు ప్రయాణించే ముందు వైద్యుల సలహా తీసుకోవడం తప్పనిసరి.