అప్పగించి వెళ్ళినవారు

మన ప్రాంతములో సువార్త సేవ చేసిన గురువుల సభకు పాలక పునీతుడు ఫ్రాన్సిస్ డి సేల్స్. జనవరి 24న ఆయన పండుగ కొనియాడుతాము. అయితే 1602 నుండి 1622లో కన్నుమూసే వరకు జెనీవా మేత్రాణులుగా ఉండి కూడ ఆయన జెనీవాలో నివసింపలేకపోయారన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? ఆ నగరము కాల్విన్ అనుచరుల ఏలుబడిలో ఉన్నది. పీఠము అక్కడ, నివాసము అన్నెసీలో. దక్కని ఊరిని తలచుకొని కూర్చొనక, దొరికిన ఊరిలోనే ఆయన పని చేశారు.

1610లో పునీత జేన్ డి షాంటాల్ గారితో కలసి ఆయన ఒక కన్యల సభను స్థాపించారు. ఆ కన్యలు ఇంటింటికి వెళ్ళి రోగులను చూడవలెనని ఆయన తలంపు. లియోను అగ్రమేత్రాణులు మాత్రము వారు మఠపు గోడలలోనే ఉండవలెనన్నారు. ఫ్రాన్సిస్ గారు తన ఏర్పాటును విడిచిపెట్టి సరేనన్నారు.

ఆయన పేరిట మెర్మియే గురువులు 1838లో అన్నెసీలో మిషనరీల సభను నెలకొల్పారు. ఆ సభ గురువులు 1845లో ఓడ దిగి, 1846లో విశాఖపట్నము చేరారు. వారిని పంపిన మెర్మియే గారు ఈ నేలను చూడనేలేదు. 1849లో అన్నెసీ నుండియే పునీత జోజప్ప మఠకన్యలు యానాము వచ్చారు. 1850లో విశాఖపట్నము ప్రత్యేక వికారియేటు అయినది. దానిని నడిపిన నేరె మేత్రాణులు, మెర్మియే గారు ఇద్దరూ 1862లోనే గతించారు. మొదటి జట్టులో వచ్చిన తిస్సో గురువులు తరువాత మేత్రాణులయ్యారు.

అసలు సంగతి ఇక్కడున్నది. ఆనాటి విశాఖ మిషను మన కోస్తాతో ఆగలేదు. నాగపూరు, కాంప్టీ, జబల్పూరు దాకా వ్యాపించినది. రైలు లేని కాలములో ఎడ్లబండ్ల మీద తిరిగి, జ్వరములకు ఓర్చి, గుడులు, బడులు కట్టినది ఈ గురువులే. 1886లో పోపు 13వ లియో గారు విశాఖను మేత్రాసనము చేశారు. మరుసటి ఏడే, 1887లో, నాగపూరు వేరై మరొక మేత్రాసనమైనది. నలుబది ఏండ్ల శ్రమలో పెద్ద భాగము ఒక్క ఆజ్ఞతో తిస్సో గారి చేయి దాటిపోయినది.

కష్టకాలములో సర్వేశ్వరునికి అప్పగించుకొనుట అంత కష్టము కాదని మా అభిప్రాయము. అప్పుడు మరొక దారి ఉండదు. మన అనకాపల్లి రైతు చెరకు నాటుతాడు, నీరు కడతాడు, గాలికి పడిపోకుండ జడ చుట్టుతాడు. అయినా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తోటలు నేలకొరిగాయి. ఆ రాత్రి ప్రార్థింపని ఇల్లు ఏది? రైతు జడ చుట్టక ఊరకుంటే దానిని విశ్వాసమనరు, సోమరితనమంటారు. అది వేరే సంగతి.

కష్టమెక్కడంటే, చక్కగా సాగుచున్న పనిని, మన చేతులతో కట్టినదానిని, "ఇక నీది కాదు" అన్నప్పుడు వదలుటలో. ఉపదేశికి బదిలీ వచ్చినా, గ్రామము మరొక విచారణలో కలిసినా మన ముఖములెట్లుంటాయో మనకు తెలుసు.

మా సంగతే చెప్పుకొంటాము. గుడి హార్మోనియము పెట్టె తాళము ఇరువది ఏండ్లకు పైగా మా ఇంటిలోనే ఉండేది. యువకులు అడిగినప్పుడెల్ల, "పాడుచేస్తారు, మేమే వచ్చి తీస్తాములే" అనేవారము. అది దేవుని సేవ అనే నమ్మాము. నాగపూరు సంగతి చదివిన తరువాత ఆ తాళమును చూస్తే సిగ్గువేసినది. ఒక ఆదివారము దివ్యపూజకు ముందు వారి చేతిలో పెట్టాము. వారు శ్రుతి కొంచెము హెచ్చుగా పట్టుతారు, తాళము కూడ త్వరగా నడుపుతారు. మేము వెనుక బల్ల మీద కూర్చొని, అందినంత వరకు పాడుచున్నాము.

విశాఖ చేతి నుండి విడిపోయినది నాగపూరు ఒక్కటే కాదు. 1993లో శ్రీకాకుళము కూడ వేరొక మేత్రాసనమైనది. తిస్సో మేత్రాణులు మాత్రము 1887 తరువాత తనకు మిగిలిన విశాఖను విడువక, 1890లో కన్నుమూసే వరకు దానినే కాచారు.