పదికి ఒకటి: రహీం మాస్టారు, ఆయన ఆటగాళ్లు

1952 జూలై 15. ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో ఒలింపిక్ ఫుట్‌బాల్ ప్రాథమిక పోటీ. ఒకవైపు యుగోస్లావియా, మరొకవైపు భారతదేశం. విరామ సమయానికే యుగోస్లావియా ఐదు గోల్స్ చేసింది. ఆట ముగిసేసరికి ఆ ఐదు పదయ్యాయి. బ్రాంకో జెబెచ్ అనే ఒక్క ఆటగాడే వాటిలో నాలుగు చేశాడు. ఇక నిమిషంలో ఆట ముగుస్తుందనగా బెంగుళూరుకు చెందిన అహ్మద్ ఖాన్ భారత్ తరఫున ఒక గోల్ చేశాడు. పదికి ఒకటి! పది మార్కులకు ఒక్క మార్కు తెచ్చుకున్న పిల్లవాడు ఆ కాగితాన్ని ఇంట్లో ఎలా చూపించాలా అని వీధి మలుపులో తచ్చాడటం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. ఆ రోజు ఆ పదకొండుగురి పరిస్థితీ అదే. అయితే వారి శిక్షకుడు కూడా వృత్తిరీత్యా బడిపంతులే కావడం ఈ కథలోని విశేషం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలైన పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. 1940ల తొలినాళ్లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇవ్వడం ప్రారంభించారు. ఆ జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును ఎవరికీ ఇవ్వలేదు. కలకత్తా క్లబ్బుల ముందు దక్షిణాది జట్లను ఎవరూ లెక్కలోకి తీసుకోని రోజులవి.

జాతీయ జట్టు శిక్షకుడిగా కూడా ఆయనకు శుభారంభమే లభించింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మేవాలాల్ చేసిన గోలుతో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణపతకం గెలిచింది. దేశమంతా పొంగిపోయింది. పదహారు మాసాలు తిరిగేసరికి హెల్సింకి. ఎత్తునుండి పడినవాడికే దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

ఇంతటి ఓటమి తర్వాత సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. ఎవరో ఒకరిని దోషిగా నిలబెట్టి జట్టునుండి తొలగించడం మొదటిది. అసలేమీ జరగనట్టు, అంతా దురదృష్టమన్నట్టు మాట్లాడటం రెండవది. మొదటిదానివల్ల మిగిలినవారు భయపడి ఆడతారు. రెండవదానివల్ల పిల్లలు పెద్దల మాట నమ్మడం మానేస్తారు, ఎందుకంటే పది గోల్స్ తమ కళ్లముందే పడ్డాయి కదా! రహీం ఈ రెండింటికీ దూరంగా నడిచినట్లు ఆ తర్వాతి పదేళ్ల చరిత్రే చెబుతుంది. హెల్సింకి వెళ్లిన జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులోనూ ఉన్నారు. ఇద్దరూ హైదరాబాదు ఆటగాళ్లే. ఓడినవాణ్ణి దాచిపెట్టలేదు, పారవేయనూ లేదు.

దోషం ఎక్కడ ఉందో వెతికితే అది మనుషులలో కంటె వస్తువులలోను, పద్ధతులలోను ఎక్కువగా కనబడింది. మొదటిది బూట్లు. మనవారు చాలామంది పాదాలకు పట్టీలు చుట్టుకుని వట్టికాళ్లతో ఆడేవారు. 1948లో లండన్‌లో అలాగే ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడినందున, వట్టికాళ్ల ఆట ఒక జాతీయ గౌరవచిహ్నంగా మారింది. ప్రశంస కూడా ఒక్కోసారి కీడు చేస్తుంది. హెల్సింకి చలిలో, జారే నేలపై, బరువైన బూట్లు తొడిగిన ఐరోపా ఆటగాళ్ల ముందు ఆ గౌరవం నిలవలేదు. ఆ ఓటమి తర్వాతనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

రెండవది ఆటగాళ్లను మైదానంలో నిలిపే తీరు. వెనుక ఇద్దరే రక్షకులుండే పాతపద్ధతిలో మనవారు ఆడుతుండగా, ఐరోపాలో ముగ్గురు రక్షకుల పద్ధతి ఎన్నడో స్థిరపడింది. 1953లో హంగరీ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. ముందువరుస మధ్య ఆటగాణ్ణి కాస్త వెనక్కు దించి ప్రత్యర్థి రక్షకులను తికమకపెట్టడం హంగరీవారి కిటుకు. రహీం ఈ మార్పులను శ్రద్ధగా అధ్యయనం చేసి, వాటిని మన ఆటగాళ్లకు నేర్పారు. “నీకు చేతకాదు” అనిపించుకున్న కుర్రవాడికీ, “నీవు నిలబడిన చోటు సరికాదు, ఇక్కడ నిలబడు” అనిపించుకున్న కుర్రవాడికీ మరునాడు మైదానంలోకి దిగేటప్పుడు ఎంత భేదముంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన శిక్షణలో అన్నిటికంటె ముచ్చటైన భాగం హైదరాబాదు కుర్రవాళ్లకోసం ఏర్పాటు చేసిన చిన్నచిన్న పోటీలు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటంవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటంవాడు కుడికాలితో అన్నమాట. మరొక పోటీలో బంతిని కాళ్లమధ్య నడిపించుకుంటూ పోరాదు, అందిన వెంటనే తోటివాడికి అందించాలి. పైకి ఇవి కేవలం నైపుణ్యం పెంచే ఉపాయాలుగా కనబడతాయి. కొంచెం ఆలోచిస్తే వీటిలో ఇంకొక సంగతి ఉంది. బలహీనమైన కాలితో ఆడమన్నప్పుడు ఊరిలోకెల్లా గొప్ప ఆటగాడు కూడా తడబడతాడు, బంతి ఎటో పోతుంది, అందరూ నవ్వుతారు, ఆట సాగుతుంది. తడబడటం అవమానం కాని చోటు ఒకటి ఆ కుర్రవాళ్లకు దొరికింది. బంతిని వెంటనే అందించవలసి వచ్చినప్పుడు ఎవడూ ఒంటరిగా గెలవలేడు, ఒంటరిగా ఓడిపోనూ లేడు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చింది. ఇటువంటి కథలను తెరకెక్కించినప్పుడు విరామ సమయపు ఉపన్యాసాలే ప్రేక్షకులకు గుర్తుండిపోతాయి. ఆయన మంచి వక్త అన్నమాట నిజమే. కాని పది గోల్స్ తిన్న దేశానికి ధైర్యం వచ్చింది ఉపన్యాసంవల్ల మాత్రమే అనుకోవడం పొరపాటు. ఎవరూ చూడని ఈ ఎడమకాలి పోటీల పాలు అందులో ఎక్కువ.

సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పేద కుటుంబం. రహీం అతని ఆటను చూసి శిక్షణకు రమ్మన్నారు. అంతదూరం రావడానికి తనవద్ద డబ్బు లేదన్నాడు కుర్రవాడు. సైకిలు అద్దెకు తెచ్చుకొమ్మని రహీం రోజుకు ఒక రూపాయి ఇచ్చేవారట. ఈ విషయాన్ని బలరాం వృద్ధాప్యంలో కూడా తలచుకుని చెబుతుండేవాడు. నీలో పస ఉంది అని నోటితో చెప్పడం సులువు. ఉపాధ్యాయుడి జీతంలోనుండి రోజూ ఒక రూపాయి తీసి ఇచ్చినప్పుడు ఆ మాటను కుర్రవాడు ఇంకొక విధంగా వింటాడు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో బలరాం, ప్రదీప్ కుమార్ బెనర్జీ, పీటర్ తంగరాజ్ ముగ్గురూ ఇరవై ఏళ్లవాళ్లే. హంగరీ పోటీనుండి విరమించుకోవడంతో మొదటి గండం తప్పింది. డిసెంబరు 1న ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన మొదటి ఆసియావాసి అతడే. ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా జట్టు కూడా అదే.

సెమీఫైనల్లో ఎదురుపడింది మళ్లీ యుగోస్లావియా! హెల్సింకి జ్ఞాపకం మాయని గాయంగానే ఉండి ఉంటే ఆనాడు మొదటి అరగంటలోనే జట్టు కుప్పకూలిపోవాలి. అలా జరగలేదు. విరామం వరకు ఎవరూ గోల్ చేయలేదు. విరామం తర్వాత మొదటి గోల్ చేసింది మనవాడే, నెవిల్ డిసౌజా. ఆ ఆధిక్యం కొద్ది నిమిషాలే నిలిచింది. చివరకు 4-1తో ఓడారు. మన ఆటగాడు సలాం పొరపాటున స్వంత గోల్లోకే కొట్టిన బంతి కూడా ఆ నాలుగులో చేరింది. కాంస్యంకోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి భారత్ నాలుగో స్థానంతో తిరిగివచ్చింది. లెక్కల ప్రకారం ఇవి కూడా పెద్ద ఓటములే. అయినా పదికి ఒకటి అయిన చోట నాలుగుకు ఒకటి కావడం, అదీ మనమే ముందుగా గోల్ చేసి, ఏ ఉపాధ్యాయుడైనా ప్రగతి పత్రంలో ఎర్రసిరాతో రాయదగిన మాట కాదు.

1960 రోమ్‌లో హంగరీతో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో సరిసమానంగా నిలిచి, పెరూతో 3-1తో ఓడారు. ఫ్రాన్స్‌పై గెలుపు కొద్ది నిమిషాల్లో చేజారింది. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడు. అతనికి ఒక్క పోటీలోనూ ఆడే అవకాశం రాలేదు. తండ్రే శిక్షకుడైన జట్టులో ఇది చిన్న విషయం కాదు. ఓటమి వచ్చినప్పుడు శిక్షకుడి మాటను పిల్లలు నమ్మాలంటే, గెలుపు వచ్చినప్పుడు ఆయన పక్షపాతం చూపడని వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం శరీరాన్ని కాన్సర్ తొలిచివేస్తున్నది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాతి పోటీలో థాయిలాండ్‌పై 4-1తో గెలిచారు గాని, రక్షణకు గోడవంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు లేకుండానే జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరారు. అక్కడ దక్షిణ వియత్నాంతో పోటీకి రహీం ఒక సాహసం చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనుకవరుసలో కాక ముందువరుస మధ్యలో నిలిపారు. కుర్రతనంలో అతడు ఆ స్థానంలో ఆడినవాడే. చూసేవారికి ఇది నిరుపాయ చేష్టగా తోచి ఉండవచ్చు. జర్నైల్ ఒక గోల్ చేశాడు, నాయకుడు చునీ గోస్వామి రెండు చేశాడు, 3-2తో గెలిచారు.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. బయట పరిస్థితి మరీ ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ప్రవేశం నిరాకరించడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ విమర్శించడంతో జకార్తా జనం మనదేశంపై మండిపడుతున్నారు. ఫైనల్‌కు ముందురోజు భారత దౌత్యకార్యాలయంపై గుంపు దాడి చేసింది. ఏ ఊరికివెళ్లినా చప్పట్లు ఆశించే వయస్సు ఆ ఆటగాళ్లది. రేపు లక్షమంది తమను తిట్టబోతున్నారని వాళ్లకు తెలుసు. తాము ఇంతకుముందే ఓడిన జట్టుతో ఆడబోతున్నామనీ తెలుసు. పీటర్ తంగరాజ్ జ్వరంనుండి అప్పుడే తేరుకుంటున్నాడు. ఆ రాత్రి రహీం వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, తనకు ఒక కానుక కావాలని, రేపటి స్వర్ణపతకమే ఆ కానుక అని అడిగినట్లు ఆటగాళ్లు అనేకసార్లు చెప్పుకున్నారు. పదేళ్లుగా ఇస్తూవచ్చిన మనిషి మొదటిసారి అడిగాడు.

1962 సెప్టెంబరు 4. స్టేడియమంతా ఎగతాళి కేకలు. మనవైపు కేకలు వేసినవారు కొద్దిమంది, వారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉండటం ఒక చిత్రం. తంగరాజ్ గోలు ముందు నిలబడ్డాడు. పదిహేడో నిమిషంలో ప్రదీప్ బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో కుట్లు పడిన తలతో ముందువరుసలో ఆడుతున్న జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. కొరియా చివరి నిమిషాల్లో ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1. పది రోజులైనా గడవకముందే, తమను ఓడించిన జట్టునే ఓడించి స్వర్ణం తెచ్చుకున్నారు. ఆ జట్టులో అమ్ముగూడ బలరాం ఉన్నాడు, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు.

స్వదేశానికి తిరిగివచ్చాక రహీం మంచం పట్టారు. 1963 జూన్ 11న తన యాభై మూడవ ఏట కన్నుమూశారు. అదే సంవత్సరం బలరాం కూడా ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసివచ్చింది. ప్రదీప్ బెనర్జీ తర్వాతికాలంలో కలకత్తాలో పేరుమోసిన శిక్షకుడై, ఆటగాళ్లలో ఉత్సాహం నింపే తన మాటల విద్య రహీం సాబ్ నుండి వచ్చిందేనని చెప్పేవాడు. హకీం వైమానిక దళంలో చేరి, అంతర్జాతీయ రిఫరీగా పనిచేసి, 2021లో మరణించాడు. బలరాం కలకత్తా చెంత ఉత్తరపాడాలో స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఆయన ఇచ్చిన ముఖాముఖీలు పత్రికల్లో ఉన్నాయి. వాటిలో ఒలింపిక్ గోల్స్ కంటె ముందుగా వచ్చేది ఆ అద్దె సైకిలు సంగతే.