బొగ్గు దాచుకునేది

బొగ్గు కథని మనం ఎప్పుడూ శుభ్రత కథగానే చెప్పుకుంటాం. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్జ్ అనే ఫార్మసిస్టు, బొగ్గుపొడి ద్రావణాల రంగు పోగొడుతుందని గమనించాడు. 19వ శతాబ్దంలో చక్కెర మిల్లులు ఎముకల బొగ్గుతో పానకాన్ని తేర్చాయి. 1918లో అమెరికా జనం గ్యాస్ మాస్కుల బొగ్గు కోసం పీచ్ టెంకలు పోగుచేసి ఇచ్చారు. ఇప్పుడు వరి ఊకనీ కొబ్బరి చిప్పల్నీ గాలి సరిగా ఆడకుండా కాల్చి చేసే బయోచార్, ఫ్యాక్టరీ నీళ్లలోని సీసాన్నీ కాడ్మియాన్నీ పట్టుకుంటుందంటే అదే కథకి కొనసాగింపు అనిపిస్తుంది.

నాకైతే కథ ఇక్కడే మలుపు తిరిగిందనిపిస్తుంది. చక్కెరలో రంగు సేంద్రియ పదార్థం. బొగ్గుని మళ్లీ బాగా వేడిచేస్తే కాలిపోతుంది. సీసం మూలకం. కాలదు, కుళ్లదు. నీళ్లలోంచి బొగ్గులోకి మారుతుంది, అంతే. ఆమ్లం తగిలితే చాలావరకు మళ్లీ బయటికొస్తుంది.

హైదరాబాదు పక్కనే పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు ఏళ్లతరబడి నక్కవాగులో కలిశాయి, అటునుంచి మంజీరలోకి. రేపు అక్కడ ఎవరైనా బయోచార్‌తో తేరిన నీళ్లు గ్లాసులో పట్టి చూపిస్తే సంతోషమే. కానీ వాడేసిన ఆ బొగ్గుని ఎవరి పొలం పక్కన పోస్తారో కూడా అడగాలి.