జారుచక్రము - దాని కట్టడి



నల్లరేగడి తడిసిన దినములలో కాలువగట్టుపై బండి నడుపుట యెంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. అయినను ఎడ్లబండి చక్రము బురదలో దిగబడునే కాని, ఉన్నచోటనే గిరగిర తిరుగదు. ఏలయన, ఎడ్లు లాగగా అది దొర్లును. మోటారుబండి యందట్లు కాదు. యంత్రము చక్రమును త్రిప్పును, చక్రము నేలను వెనుకకు త్రోయును. నేల పట్టు చాలనిచో చక్రము వృథాగా తిరుగును.

ఈ చిక్కు రైలింజనులకు మొదటినుండియు కలదు. 1900 సంవత్సరమున రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై హేవలాకు వంతెన తెరవబడెను. ఆ కాలపు ఆవిరి యింజనులకు ఇసుకపెట్టెలుండెడివి. తడిపట్టాపై చక్రము జారినపుడు డ్రైవరు ఆవిరిని తగ్గించి, చక్రము ముందర పొడియిసుక విడుచును. బలము తగ్గించుట యొకటి, పట్టు పెంచుట యొకటి, ఉపాయములు రెండు.

మోటారుకారులకు ఇందు మొదటి యుపాయమే ఆధారమయ్యెను. 1971లో అమెరికాయందు బ్యూయిక్ కంపెనీవారు, చక్రము జారినపుడు యింజను బలమును తగ్గించు సాధనమును కొన్ని కారుల కమర్చిరి. 1978లో జర్మనీయందలి బాష్ సంస్థవారు, బ్రేకు వేసినపుడు చక్రము బిగిసిపోకుండ కాపాడు ఎలక్ట్రానిక్ సాధనమును వెలువరించిరి. దానికి చక్రముల వేగమును కొలుచు పనిముట్లు కావలసివచ్చెను. ఆ కొలతలనే వినియోగించుకొని 1986లో వారే ట్రాక్షన్ కంట్రోలును తెచ్చిరి. 1992లో హోండావారి ఎస్.టి. 1100 మోటారుసైకిలునకును ఇట్టి సాధనము కలిగెను.

దాని పని యిది. యంత్రము త్రిప్పు చక్రము తక్కిన చక్రములకంటె మితిమీరి వడిగా తిరిగినచో, అది జారుచున్నదని గ్రహించి యింజను బలమును తగ్గించును. కారునందైనచో, జారు చక్రమునకు మాత్రమే బ్రేకు వేసి, బలమును రెండవ చక్రమునకు మరల్చుటయు కలదు.

గత వర్షకాలమున మా మనుమడు ఈ సాధనము గల మోటారుసైకిలుపై వచ్చుచు, ట్రాక్టరు చక్రములనుండి రాలిన బురదపై మలుపున పడెను. చేయి విరిగెను. "సాధనముండగా ఎందుకు జారితిని తాతయ్యా?" అని యడిగెను. "నాయనా, అది యింజను జోరును తగ్గించునే గాని, నేలకు లేని పట్టును తేజాలదు. వడిగా మలుపులోనికి వచ్చినవానిని ఆపజాలదు" అంటిని.

రెండవ యుపాయము నేటికిని మనుష్యులచేతిలోనిదే. పొలమునుండి ట్రాక్టరు రోడ్డెక్కుచోట రాలిన మట్టిని ఆనాడే చెక్కివేయించుడు. ఊరి పెద్దలు చెప్పిన ట్రాక్టరువారు వినకపోరు. పడుచువారి కాలుసేతులు మన పూనికచే నిలుచును.