దారి మూసుకుపోతే: ఎండోమెట్రియోసిస్ చరిత్ర నేర్పిన పాఠం

కొల్లేటి నీరు సముద్రం చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అది పూడుకుపోతే నీరు వెనక్కి తన్ని చేలను ముంచుతుందని గుండుగొలను, భీమడోలు ప్రాంతాల రైతులకు వేరే చెప్పనక్కరలేదు. స్త్రీ శరీరంలోనూ ఇటువంటిదే జరుగగలదని గ్రహించడానికి వైద్యశాస్త్రానికి చాలాకాలం పట్టింది.

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడమే ఎండోమెట్రియోసిస్. అది అక్కడికెలా చేరింది? ఉదరపు పొరే మార్పుచెంది అలా తయారవుతుందని జర్మనీ వైద్యుడు రాబర్ట్ మేయర్ భావించారు. అమెరికాలోని ఆల్బనీ నగర వైద్యుడు జాన్ శాంప్సన్ అభిప్రాయం వేరు. బహిష్టు రక్తం కొంత అండవాహికల గుండా వెనక్కి పారి, కణాలను ఉదరంలో చల్లుతుందని ఆయన 1927లో ప్రతిపాదించారు. 1950 ప్రాంతంలో టెలిండ్, స్కాట్ అనే వైద్యులు కోతులలో ఋతురక్తం ఉదరంలోకే పారేటట్లు శస్త్రచికిత్స చేయగా, కొన్నింటికి ఈ వ్యాధి సంక్రమించింది.

మనుషులలో దీనికి బలమైన సాక్ష్యం పుట్టుకతో జననాంగ నిర్మాణ లోపాలున్న స్త్రీల నుండి లభించింది. 1987లో ఆలివ్, హెండర్సన్ ప్రకటించిన పరిశీలనలో, గర్భాశయపు లోపొర పనిచేస్తూ, అండవాహికలు తెరచి ఉండి, స్రావం వెలుపలికి వచ్చే దారి మాత్రం మూసుకొని ఉన్న 13 మందిలో 10 మందికి ఎండోమెట్రియోసిస్ కనిపించింది. అడ్డు లేని 43 మందిలో 16 మందికే ఉన్నది.

అయితే ఒక హెచ్చరిక. ఋతురక్తం కొంత వెనక్కి పారడం చాలామంది స్త్రీలలో సహజమే. ఈ వ్యాధిగ్రస్తులలో అధికులకు ఏ అడ్డూ ఉండదు. కనుక అవరోధం ఒక్కటే కారణం కాదు. కాని అది ఉన్నచోట వ్యాధి చిన్న వయసులోనే మొదలుకావచ్చు.

ఈ చరిత్ర మన ఇళ్లకు చెప్పేదేమిటి? ఈడు వచ్చినా రజస్వల కాని బాలికకు నెలనెలా పొత్తికడుపులో నొప్పి వస్తుంటే, "ఇంకా పెద్దమనిషి కాలేదు, చూద్దాం" అని ఊరుకోరాదు. కన్నెపొరకు రంధ్రం లేకపోవడమో, యోనిలో అడ్డుగోడ ఉండడమో కారణం కావచ్చు. కొందరికి గర్భాశయం రెండు భాగాలుగా ఉండి, ఒకవైపే దారి మూసుకొని ఉంటుంది. వీరికి బహిష్టు వస్తూనే ఉంటుంది, నొప్పి మాత్రం పెరుగుతుంది. ఆ వైపు మూత్రపిండం తరచుగా లోపిస్తుంది కూడా.

పొట్టపై నుండి చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో చాలావరకు ఆచూకీ దొరుకుతుంది. అవసరమైతే ఎమ్మారై తీస్తారు. అడ్డు తొలగించిన పిదప ఎండోమెట్రియోసిస్ తగ్గిపోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. ఆలస్యమైతే అండవాహికలు, అండాశయాలు దెబ్బతిని సంతానయోగ్యతకే ముప్పు రావచ్చు. సిగ్గు వల్లనో, నలుగురూ ఏమనుకొంటారోననో జాగు చేయక, తల్లులు బిడ్డను స్త్రీవైద్య నిపుణురాలికి చూపించాలి.